చెవితో బాగుచేసే మనిషి

అతని అసలు పేరుతో ఆ బజారులో ఎవరికీ పని పడలేదు. అందరూ స్టెతస్కోపు అనే పిలిచేవారు. కంప్యూటర్లు బాగుచేసే మనిషికి ఆ పేరెందుకు వచ్చిందో తెలియాలంటే అతను పనిలో ఉండగా చూడాలి. మొరాయించిన కంప్యూటరును బల్లమీద పెట్టి, పక్క రేకు విప్పి, కరెంటు ఇచ్చి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను లోపలి హార్డ్ డిస్కు మీద ఆనించేవాడు. పిడిని చెవికి నొక్కి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. దుకాణానికి వచ్చినవాళ్ళు కూడా తెలియకుండానే ఊపిరి బిగబట్టేవారు.

"ఫ్యానుకి గొంతు బొంగురుపోయింది. ఇంకేం లేదు, పట్టుకుపోండి," అనేవాడు ఒకరితో.

"డిస్కు గొణుగుతోందండీ. ఇంక ఎక్కువ కాలం ఉండదు. ఉన్నవన్నీ ఇవాళే వేరేచోటికి ఎత్తిపెట్టుకోండి," అనేవాడు ఇంకొకరితో.

ఆ విద్య అతనికి కంప్యూటర్ల దగ్గర అబ్బింది కాదు. కుర్రతనంలో ఒక మోటారు షెడ్డులో పనిచేశాడు. అక్కడి మేస్త్రీ ఇంజను మీద ఇనుపచువ్వ ఆనించి చెవితోనే రోగం కనిపెట్టేవాడు. షెడ్డు మూతపడ్డాక స్టెతస్కోపు కంప్యూటర్ల వైపు వచ్చాడు గానీ, చువ్వను మాత్రం వదల్లేదు. హార్డ్ డిస్కులోనూ పళ్ళెం లాంటిది ఒకటి తిరుగుతుంది. దానిమీద సూదిలాంటి చెయ్యి పరుగులు పెడుతూ మనం దాచుకున్నదంతా చదువుతుంది. ఆ చెయ్యి తడబడడం మొదలుపెడితే సన్నగా టిక్కు టిక్కుమంటుంది. ఆ టిక్కును అతను మొదటిరోజే పట్టేసేవాడు. డిస్కు ఆరోగ్యం చెప్పే ప్రోగ్రాములు వచ్చాక పక్క దుకాణాల కుర్రాళ్ళు వాటితో చూసేవారు. అతనికవి తెలియక కాదు. చెవి ఉండగా కాగితం చూసి నాడి చెప్పడమేమిటని అతని ధీమా.

చెవి ఎప్పుడు జారిపోయిందో సరిగ్గా చెప్పలేడు. పెద్ద శబ్దాలు అలాగే ఉన్నాయి. బస్సు హారను, షట్టరు కిందికి లాగిన మోత, భార్య విసుగు, అన్నీ వినబడుతూనే ఉన్నాయి. సన్నటివే ఒక్కొక్కటిగా చెప్పకుండా లేచి వెళ్ళిపోయాయి. ఒకరోజు ఒక కంప్యూటరుకి కరెంటు ఇచ్చి, అది నిద్రలేస్తూ వేసే కూత కోసం ఎదురుచూశాడు. కూత రాలేదు. బోర్డు పోయిందని చెప్పబోతుండగా ఎదురుగా ఉన్నాయన, "అరిచిందిగా, ఇంకా ఏం చూస్తున్నారు?" అన్నాడు. స్టెతస్కోపు గతుక్కుమని, వెంటనే నవ్వేసి, "మీ చెవులు పనిచేస్తున్నాయో లేదో చూశా," అన్నాడు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వుతో గండం గడిచింది.

అప్పట్నించీ మనుషుల పెదాలు చూడడం అలవాటైంది. ఫోను మోగితే ఎత్తకుండా, పనిలో ఉన్నాను, మెసేజి పెట్టండి అని పంపేవాడు. చెవికి మిషను తగిలించుకుంటే బజారులో ఏమనుకుంటారో తలుచుకుంటేనే అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది. స్టెతస్కోపుకే చెవుడట అని చెప్పుకుని నవ్వరూ? ఇంట్లో కూడా నోరు మెదపలేదు. ఈమధ్య భార్య ఏం చెప్పాలన్నా ముందుగా వచ్చి అతని మోచేతిని తాకుతోంది. వయసు మీదపడేకొద్దీ దీనికి ప్రేమ ఎక్కువవుతోంది అనుకున్నాడే తప్ప, ఎందుకలా తాకుతోందో ఆలోచించలేదు.

అతని దుకాణం మీద ఒక రేకు బోర్డు ఉంది. 'ఇచ్చట కంప్యూటర్లు బాగుచేయబడును' అని, నీలం మీద పసుప్పచ్చ అక్షరాలు. రాసింది అతని బావ, అంటే అక్క భర్త. ఒకప్పుడు ఆ బజారులో సగం బోర్డులు ఆయన చేతివే. ఆయన తలకట్టు పెడితే కుంచె చివర చిన్న విసురు ఉండేది, పిట్ట ఎగిరే ముందు తోక ఎత్తినట్టు. అది చూసి బోర్డు ఎవరు రాశారో చెప్పేసేవారు. తరవాత ఫ్లెక్సులు వచ్చాయి. గంటలో బోర్డు, అందరికీ ఒకే మూస అక్షరాలు. బావ కుంచెలు కిరసనాయిలు డబ్బాలోనే గట్టిపడిపోయాయి.

కొన్నాళ్ళు ఆయన బజారులోకి రావడమే మానేశాడు. అది చూడలేక స్టెతస్కోపు నాలుగైదు పాత మిషన్ల భాగాలు కలిపి ఒక కంప్యూటరు కూర్చి, తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాడు. అక్షరాలు గీసుకునే ప్రోగ్రాము ఒకటి వేసి, మౌసు పట్టుకోవడం నేర్పాడు.

"నీ అక్షరాలన్నీ ఇందులో గియ్యి బావా. అప్పుడు ఎవడు ఏ మీట నొక్కినా నీ అక్షరమే పడుతుంది. ఫ్లెక్సు వాడైనా సరే."

"నేను పోయాక కూడానా?"

"నువ్వెక్కడికి పోతావు, మా అక్క పోనిస్తేగా!"

ఆరోజునుంచి బావకు అదే లోకమైంది. అ నుంచి మొదలుపెట్టి అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ఒకదాని కింద ఒకటి ఇమిడే జంటలు, అన్నీ చుక్క చుక్క సర్దుకుంటూ గీశాడు. నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ గీశాడు. ఏళ్ళు పట్టింది. చివరికొచ్చేసరికి ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మాత్రలు మింగినా ఆగలేదు. చెంచా పట్టుకుంటే నోటిదాకా వెళ్ళేలోగా సగం ఒలికిపోయేది. అయితేనేం, అప్పటికి పని దాదాపు అయిపోయింది. రెండు మూడు ఒత్తులు కాస్త పక్కకు జరపాలి, అంతే. అవి మీటలతో జరపొచ్చు. చెయ్యి వణికినా ఫరవాలేదు. ఫ్లెక్సు దుకాణం అతను కూడా, "తెచ్చివ్వండి మేస్త్రీగారూ, ఇకమీదట నా బోర్డులన్నీ మీ అక్షరాలతోనే," అని మాటిచ్చాడు.

"అవన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించి పెడతా బావా," అని స్టెతస్కోపు చాలాసార్లు అడిగాడు. బావ వినలేదు. బోర్డు పూర్తయ్యేదాకా దానిమీద గుడ్డ కప్పి ఉంచడం ఆయన పద్ధతి. కొట్టు యజమాని వచ్చి బతిమాలినా గుడ్డ ఎత్తనిచ్చేవాడు కాదు. "సగం పని గడప దాటకూడదురా. అన్నీ అయ్యాక నేనే గుడ్డ తీస్తా," అన్నాడు. పనివాడి మాట పనివాడికి అర్థమవుతుంది కదా. స్టెతస్కోపు మళ్ళీ ఒత్తిడి చేయలేదు.

ఆ కంప్యూటరే ఈమధ్య తెరుచుకోవడానికి మొండికేస్తోంది. బావ పొద్దున్నే మీట నొక్కి, స్నానం చేసి, పేపరు మొత్తం చదివినా తెరమీద చక్రం తిరుగుతూనే ఉండేది.

"వచ్చిందా?" అని వంటింట్లోంచి అక్క కేకేసేది.

"వస్తోంది. బయల్దేరిందట, దారిలో ఉంది," అనేవాడు బావ.

కొన్నిరోజులు మధ్యలోనే ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది. ఇక లాభం లేదని బావ కబురు పెడితే, స్టెతస్కోపు సంచీ తీసుకుని ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాడు. బావ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, వణికే చేతిని రెండో చేతితో పట్టుకుని ఉన్నాడు.

"రా బావమరిదీ. నువ్వు కూర్చిన మిషను కదా, అచ్చం మీ వంశంలాగే ఉంది. లేవడానికి ఒక పూట, నడవడానికి ఒక పూట."

"మా వంశాన్ని ఏమైనా అంటే ఇవాళ నీకు టీ రాదు," అంది అక్క గుమ్మంలోంచి.

"చూశావా, నిజం చెప్తే టీ ఆపేస్తారు!"

స్టెతస్కోపు నవ్వుతూ రేకు విప్పాడు. లోపల దుమ్ము బూజులా పట్టి ఉంది. బ్రష్షుతో దులిపాడు. ర్యామ్ ముక్క ఊడదీసి, దాని పళ్ళను రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాడు. కరెంటు ఇచ్చి, స్క్రూడ్రైవరు మొనను డిస్కు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. బావ మాటలాపేశాడు. అక్క టీ గ్లాసులతో అలాగే నిలబడిపోయింది.

పళ్ళెం తిరుగుతున్న సన్నటి అదురు పిడిలోంచి ఎముకకు తగిలింది. దాని వెనక ఏమీ లేదు. నిశ్శబ్దం. ఎంతో హాయిగా అనిపించింది అతనికి.

"డిస్కు రాయిలా ఉంది బావా. దానికేం ఢోకా లేదు."

"ఏదో టిక్కు టిక్కుమంటోందిరా తమ్ముడూ," అంది అక్క.

ఆవిడ పెదాలు చూసి మాట అందుకున్నాడు. మళ్ళీ చెవి ఆనించాడు. ఏమీ లేదు. తలెత్తితే ఎదురుగా గోడమీద గడియారం కనిపించింది.

"గడియారం అక్కా అది. ఇన్నేళ్ళుగా వింటున్నావు, ఇవాళ కొత్తగా వినబడిందా?"

అక్క గడియారం వంక చూసింది. తమ్ముడి వంక చూసింది. ఏదో అనబోయి, గ్లాసులు బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"ఉత్త చెత్త బావా. మిషను లేవగానే అక్కర్లేని ప్రోగ్రాములన్నీ మీదపడుతున్నాయి. వాటిని ఆపేశాను. డిస్కు మొత్తం ఒకసారి తనని తాను సర్దుకునేలా పెట్టి వెళ్తా. రేప్పొద్దుటిదాకా పడుతుంది, ఎవరూ ముట్టుకోకండి. రేపు నువ్వు మీట నొక్కి కూర్చునేలోగా తెరుచుకుంటుంది."

ఆరోగ్యంగా ఉన్న డిస్కుకైతే ఆ సర్దుడు మందు. చేయి తడబడుతున్న డిస్కుకు అదే ప్రాణాంతకం. కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమన్నట్టే. అలాంటి డిస్కును ఇంక తిప్పకుండా, ఉన్నదాన్ని ముందు బయటికి తీసుకోవాలని తన దగ్గరికి వచ్చిన వాళ్ళందరికీ అతనే చెప్పేవాడు.

మర్నాడు పొద్దున్నే బావ దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. 'తెర నల్లగా ఉంది. ఓసారి రా.'

వెళ్ళేసరికి బావ నిన్నటి కుర్చీలోనే ఉన్నాడు. స్టెతస్కోపు మిషను ఆపి మళ్ళీ పెట్టాడు. డిస్కు లేదంది మిషను. తీగలు మార్చాడు. లేదంది. స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ఏమీ వినబడక, డిస్కును ఊడదీసి అరచేతిలో పట్టుకుని కరెంటు ఇచ్చాడు. అప్పుడు తెలిసింది. లోపల చెయ్యి గోడకేసి కొట్టుకుంటోంది. మూసిన తలుపు వెనక ఎవరో కొడుతున్నట్టు, ఆగి ఆగి, అరచేతికి తగులుతోంది. గబుక్కున తీగ లాగేశాడు.

"ఏంట్రా?" అన్నాడు బావ.

అతను తల పక్కకు తిప్పాడు. గోడమీద గడియారం కనిపించింది. నిన్న మధ్యాహ్నం ముళ్ళు ఎక్కడున్నాయో ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. సెకన్ల ముల్లు కదలడంలేదు.

"గడియారం ఎప్పుడాగింది అక్కా?"

"అదా! పోయిన నెల్లోనే. బ్యాటరీ తెమ్మని మీ బావతో మొత్తుకుంటూనే ఉన్నాను."

స్టెతస్కోపు లేచాడు. డిస్కును జేబురుమాల్లో చుట్టి, "పెద్ద ఊళ్ళో దీన్ని విప్పి చూసేవాళ్ళున్నారు, పంపిస్తా," అని మాత్రం అని బయటపడ్డాడు.

డిస్కు వెళ్ళింది. అది తిరిగి వచ్చేలోగా అతను దుకాణం తెరిచాడే గానీ ఏ మిషన్నీ విప్పలేదు. వచ్చినవాళ్ళకి రేపు రండి అని చెప్పి పంపేవాడు. పక్క దుకాణంలో ఉన్న ఆ డిస్కు పరీక్ష ప్రోగ్రామును తన మిషన్లో వేసుకున్నాడు. ఎంత చిన్న పని అది! టీ చల్లారేలోగా చెప్పేస్తుంది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోతే, భార్య వచ్చి మోచేతిని తాకింది.

"అన్నయ్యగారికి నిజం చెప్పెయ్యండి," అంది, మొహానికి ఎదురుగా కూర్చుని.

"ఏం నిజం?"

"మీకు వినబడదని."

అతను ముద్ద వదిలేశాడు. "నీకెప్పట్నించి తెలుసు?"

"కుక్కరు మాడిపోయిన రోజు. పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు. అన్ని విజిళ్ళు వేసినా తలెత్తలేదు."

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?"

"మీరు దాచుకుంటున్నారు కదా. పైకి అనేస్తే మీకు దాచుకోవడానికి కూడా ఏమీ మిగలదని."

ఆ మాటకు ఆవిడే తల దించుకుంది. అతనికి ఆవిడ మీద కోపం రాలేదు. ఆ మోచేతి స్పర్శలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి, చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

డిస్కు తిరిగొచ్చింది. పళ్ళెం మీద పొర మొత్తం గీసుకుపోయిందనీ, ఒక్క ఫైలు కూడా తీయలేమనీ, మొదట చప్పుడు వచ్చినప్పుడే ఆపేసి ఉంటే చాలావరకు దక్కేదనీ రాసి పంపారు. చివరి ముక్క దగ్గర అతను చాలాసేపు ఆగిపోయాడు.

సాయంత్రం బావ ఇంటికి వెళ్ళాడు. అతని మొహం చూడగానే బావకు అర్థమైపోయింది. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, తానే ముందుగా ఓదార్పు మొదలుపెట్టాడు.

"పోనీలేరా. పాత సామానుతో కూర్చిన మిషను. దాని ఆయుష్షు అంతే. నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. బావ నమ్మాడు. అక్క ఏమీ అనదు. భార్య ఎప్పటికీ బయటపెట్టదు. స్టెతస్కోపు కుర్చీ లాక్కుని బావ ఎదురుగా కూర్చున్నాడు.

"ఆయుష్షు కాదు బావా. ఆరోజు అది టిక్కు టిక్కుమని చెప్తూనే ఉంది. అక్కకి వినబడింది. నాకు వినబడలేదు. నాకు సన్నటి శబ్దాలు వినబడడం మానేసి చాలాకాలమైంది. ఎవరికీ చెప్పలేదు. అప్పుడే ఆపి ఉంటే నీ అక్షరాలు దక్కేవి. నేనే దాన్ని నడిపించి చంపేశాను."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏదో అంటోంది. కొంగు వెనక పెదాలు కనబడక అతనికి అర్థం కాలేదు.

"ఏమంటోంది బావా?"

బావ మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. "గడియారం ఆగిపోయిందని ఆరోజు తనకు తెలుసట. నువ్వు చెప్పావు కదా, నీకన్నా తనకేం తెలుసని ఊరుకుందట."

స్టెతస్కోపు తిట్లకోసం ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. బావ మాత్రం బల్లమీదున్న పెన్సిలు అందుకుని, పాత క్యాలెండరు వెనక ఒక అక్షరం రాయబోయాడు. తలకట్టు దగ్గర పెన్సిలు గజిబిజిగా పాకి పక్కకు పోయింది. ఆ గీత వంక కొంచెంసేపు చూసి, క్యాలెండరును బోర్లా పెట్టేశాడు.

"తప్పు నాదేలేరా," అన్నాడు చివరికి. "నీ దుకాణం మీద బాగుచేయబడును అని రాసింది ఎవడు?"

నవ్వించడానికే అన్నాడు. కానీ నవ్వబోయిన ఆయన మొహమే మధ్యలో ముడుచుకుపోయింది. అక్క వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"గుడ్డ తియ్యనన్నది కూడా నేనేగా," అన్నాడు బావ, ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టి. అది ఆవిడ చేతిమీద వణుకుతూనే ఉంది.

స్టెతస్కోపు ఇప్పుడు చెవికి మిషను పెట్టుకుంటున్నాడు. దానితో మాటలు కొంత నయం. డిస్కు గొణుగుడు మాత్రం అందదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మరలు విప్పడానికి తప్ప ఇంకెందుకూ తియ్యడు. ఏ కంప్యూటరు వచ్చినా మొదట, "ఏమైనా చప్పుడు వస్తోందా? కాస్త మీరే విని చెప్పండి," అంటాడు. బజారులో కొందరు వెనకాల నవ్వుకున్నారు, తరవాత మానేశారు. పేరు మాత్రం స్టెతస్కోపు అనే ఉండిపోయింది.

బావ కంప్యూటరుకు అతను కొత్త డిస్కు బిగించాడు, ఈసారి పళ్ళెం గానీ చెయ్యి గానీ లేనిది, చప్పుడే చేయనిది. అక్షరాలు గీసే ప్రోగ్రామును మళ్ళీ వేశాడు. గోడగడియారానికి బ్యాటరీ కూడా తనే తెచ్చి వేశాడు. బిగించడం అయ్యాక, ఒకసారి చూడు బావా అన్నాడు. బావ కుర్చీలోంచి వంగి, వణికే వేలితో మీట నొక్కాడు. ఆయన మళ్ళీ వెనక్కి ఆనుకునేలోగానే తెర తెరుచుకుంది. చక్రం తిరగలేదు. నీలం తెర, దానిమీద ఒక్క బొమ్మ. ఆ బొమ్మ నొక్కితే ప్రోగ్రాము వచ్చింది. అక్షరాలుండే గళ్ళన్నీ వరసగా తెల్లగా ఉన్నాయి.

బావ ఆ గళ్ళవైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి తల వంటింటివైపు తిప్పాడు. అక్క లోపల్నుంచి ఏదో అడిగినట్టుంది. ఆ మాట చెవికి మిషను పెట్టుకున్నా స్టెతస్కోపుకు అందలేదు. బావ జవాబు మాత్రం పెదాల మీద కనబడింది.

"వచ్చింది."